కేబుల్ సారంగపాణి కూతురు

పొద్దున ఏడున్నరకు సారంగపాణి టీ గ్లాసు పక్కన పెట్టి కూతుర్ని కేకేశాడు. కొత్తవాడలో ఆయన్ని కేబుల్ సారంగపాణి అంటేనే ఎవరికైనా తెలుస్తుంది. ఇంటి ముందు గదే ఆయన కంట్రోల్ రూము. ఎనిమిది వందల ఇళ్లకు చానళ్లు అక్కడి నుంచే పోతాయి. వాటితో పాటు ఆయన సొంత లోకల్ చానల్ ఒకటుంది. పుట్టినరోజు శుభాకాంక్షలు, నల్లా నీళ్ల వేళలు, తప్పిపోయిన మేకలు, అన్నీ ఆ చానల్లో తెర కింద అక్షరాలై పరుగెత్తుతుంటాయి. ఆ అక్షరాలు కొట్టేది కూతురు స్నేహలత.

"బిడ్డా, స్క్రోలింగ్ మార్చాలె. నేను చెప్త, నువ్వు కొట్టు."

స్నేహలత తలకు తువ్వాలు చుట్టుకునే వచ్చి కూర్చుంది. హైదరాబాద్‌లో ఇంటర్వ్యూ ఉందని చెప్పి, బ్యాగు అప్పటికే సర్దిపెట్టుకుంది.

"మన కబడ్డీని కొనుక్కపోయి ఫోన్లల్ల దాచుకున్న కంపెనీ యాప్‌ను ఎవ్వరు పెట్టుకోవద్దు. అయ్యిందా?"

స్నేహలత టకటకా కొట్టి తెర మీదికి వదిలింది. ఆయన కోపానికి కారణం ఉంది మరి. ఈ ఏడాది కబడ్డీ లీగ్ ప్రసార హక్కులను ఒక పెద్ద సాఫ్ట్‌వేర్ కంపెనీ కొనేసింది. ఇక టీవీ చానళ్లలో మ్యాచ్‌లు రావు, చూస్తే వాళ్ల యాప్‌లోనే చూడాలి. మొదటి మ్యాచ్ ఆ సాయంత్రమే. కబడ్డీ అంటే చెవి కోసుకునే కొత్తవాడ జనం మూడు రోజులుగా ఈయనకు ఫోన్లు చేసి ప్రాణం తీస్తున్నారు. కొన్నవాడు ఎక్కడో చల్లగా కూర్చున్నాడు, తిట్లు మాత్రం వైరు లాగినవాడికి.

"ఇంకోటి కొట్టు. ఆ కంపెనీల నౌకరి చేసెటోళ్లు మన పొట్ట కొట్టెటోళ్లే."

స్నేహలత వేళ్లు ఆగాయి.

"ఏమైంది, కీబోర్డు ఖరాబైందా?"

"కాలే బాపూ. ఈ ముక్క నేను కొట్ట."

"ఎందుకు?"

"ఆ నౌకరి నాదే."

వంటింట్లో ఉప్మా కలుపుతున్న వినోద గరిటె పట్టుకునే గుమ్మంలోకి వచ్చింది. ఆమెకు ఈ సంగతి తెలుసు. మొగుడి మొహం చూసి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"ఇంటర్వ్యూ అయ్యి నెల దాటింది. మన యాసల కామెంటరీ పెడ్తాండ్రు. ఇయ్యాల మ్యాచ్ నేనే చెప్తాన," అంది స్నేహలత. గొంతు వణకలేదు.

"సిగ్గనిపిస్తలేదా?" సారంగపాణి లేచి నిలబడ్డాడు. "ఇరవై ఐదేండ్లు స్తంభాలెక్కిన. వానల తడిసిన. షాకులు తిన్న. గా కష్టమంత మట్టిల కలిపెటోళ్లకు నా బిడ్డ గొంతు ఇస్తదా?"

"నేను పోకుంటె మ్యాచ్ నీ దగ్గరికి మళ్లొస్తదా? ఇంకెవరో చెప్తరు. మన ముచ్చట తెల్వనోళ్లు చెప్తరు."

"నువ్వు మైకు పట్టుడు యాడ నేర్చినవ్? నా చానల్ల కాదా?"

"అవు, నీ చానల్లనే. కామెంటరీ చెప్పెటాయన రాకపోతె పన్నెండేండ్ల పిల్లను మైకు ముందట కూసోవెట్టినవ్. అప్పటిసంది పదేండ్లు మన వాడ దసరా కబడ్డీ టోర్నమెంట్లన్ని నేనే చెప్పిన. ఒక్కటి అడుగుత, నిజం చెప్పు. నేనేం చెప్పిన్నో ఒక్కనాడన్న ఇన్నవా?"

సారంగపాణి చూపు ఎదురుగా ఉన్న టీవీల మీదికి పోయింది.

"ఇనలే బాపూ. టీవీ సౌండు బంద్ చేసి బొమ్మ చూస్తవ్. గీతలొస్తానయా, చుక్కలొస్తానయా, గదే నీ ఫికర్. ఇంటికొచ్చి సిగ్నల్ మంచిగున్నదంటవ్. వాడకట్టంత నన్ను మెచ్చుకున్నది. నువ్వు ఒక్క మాట అనలే." ఇప్పుడు మాత్రం ఆ పిల్ల కళ్లు నిండాయి. "ఇయ్యాల ఒక్కసారి ఇను. ఇన్నంక గూడ వద్దంటె, రేపు పొద్దుగాల బండికే తిరిగొస్త. ఆ ముక్క నేనే కొడ్త."

ఆయన వినలేదన్నది నిజమే. గదిలో నాలుగు టీవీలు ఒకేసారి మోగితే తల పగులుతుందని ఆయన అన్నింటికీ గొంతు నొక్కేసి ఉంచుతాడు. కేబుల్ పనిలో ఉన్నవాళ్లంతా చేసేదే. స్నేహలత సద్దిడబ్బా తీసుకుని ఆటో ఎక్కింది. ఆయన తలెత్తి చూడలేదు.

"నీకు ముందే ఎర్కనా?" అన్నాడు భార్యతో.

"ఎర్కే. నీతోని చెప్పనీకి భయపడ్డం," అంది వినోద. "సంతోషమైన ముచ్చట సొంతింట్ల చెప్పుకోనీకి భయపడ్డం. ఎట్లున్నదో నువ్వే ఆలోచించు."

ఆ మాట ఆయన్ని మధ్యాహ్నం అన్నం తిననివ్వలేదు.

సాయంత్రం ఏడింటికి వినోద ఫోన్‌ను పప్పుడబ్బాకు ఆనించి వంటింట్లో కూర్చుంది. ముందు గదిలో సారంగపాణి వైర్లు సర్దుతున్నట్టు నటించాడు, పాపం. ఎంతసేపని నటిస్తాడు? లోపలి నుంచి కూతురి గొంతు వస్తూనే ఉంది.

"పోతాండు, పోతాండు, ముగ్గురి నడుమకు పోతాండు. కాలు దొరికింది. ఇడుస్తలేరు. ఈడ్చుకుంట వస్తాండు చూడుండ్రి, ఎద్దు నాగలి గుంజినట్టు గుంజుతాండు. గీత తాకిండు!"

ఎప్పుడొచ్చాడో, ఆయన గడప మీద కూర్చుని ఉన్నాడు. తన కూతురు ఇలా మాట్లాడుతుందా? పదేళ్లు ఈ గొంతు తన వైర్లలోంచే ఇంటింటికీ పోయింది. అందరూ విన్నారు, తనొక్కడు తప్ప.

జేబులో ఫోను మోగింది. పాత చందాదారు యాకయ్య.

"సారన్నా, ఇంటింట్ల లొల్లి వినవడ్తాంది. మ్యాచ్ యాడొస్తానదే?"

ఇన్నేళ్లలో సారంగపాణి ఒక్క గిరాకీని కూడా చేజేతులా బయటికి పంపలేదు. గొంతు సవరించుకున్నాడు.

"కంపెనీ యాప్‌ల పెట్టుకో యాకయ్యా."

"పెట్టుకోవద్దని నువ్వే రాయిస్తివి గదనే."

"రాయించిన. తప్పయింది, తీసేస్త. మా స్నేహలత చెప్తాంది. జల్ది పెట్టుకో, సగమైపోయింది."

మ్యాచ్ అయిన పది నిమిషాలకు హైదరాబాద్ నుంచి ఫోను వచ్చింది.

"బాపూ, ఇన్నవా?"

"ఇన్న."

"మరి రేపు పొద్దుగాల బండికి రావాల్నా?"

"రేపు గూడ మ్యాచ్ ఉన్నదట గద, ఎట్లొస్తవ్?" ఆయన ఫోను ఇంకో చెవికి మార్చుకున్నాడు. "మంచిగ చెప్పినవ్ బిడ్డా."

గంటసేపు ఊపిరి తీసుకోకుండా మాట్లాడిన పిల్ల వెక్కి వెక్కి ఏడుస్తోంది. సారంగపాణి ఫోను పెట్టేయకుండా, ఆ ఏడుపు కూడా చివరిదాకా విన్నాడు.