గడప తడపని గుడి

వైశాఖ అమావాస్య... మిట్టమధ్యాహ్నం! భూతప్రేతాలు సైతం నీడ కోసం వెతుక్కునే ఆ ఘోర సమయాన, నల్లమల మీద చినుకైనా రాలకుండా ఉరుము ఉరిమింది. పట్టపగలే ఎక్కడో గుడ్లగూబ కూసింది!

సోమశిల అవతల తిప్ప దగ్గర, పుట్టి పక్కన నిలబడ్డ పుష్పమ్మ గుండె ఝల్లుమంది. డ్యాం నీళ్లు తగ్గి, ఏడాదిలో ఎక్కువ కాలం కృష్ణమ్మ కడుపులో దాగుండే పాత అమ్మవారి గుడి మూడు రోజుల కిందటే బయటపడింది. దాన్ని చూడటానికి పట్నం జనం ఎగబడుతున్నారు. వాళ్లను పుట్టిలో దాటించేది పుష్పమ్మ, గుడి కథ చెప్పేది డిగ్రీ చదివే కూతురు మనీష. ఈ రోజు ఆకాశం చూసి అందరూ వెనుదిరిగినా, రఘుపతి అనే పెద్దమనిషి మాత్రం శిల్పాలు చూపించమని మనీషను లోపలికి తీసుకుపోయాడు. మెడలో కెమెరా, భుజాన సంచి, నోట్లో తేనె... కడుపులో విషమని తల్లీకూతుళ్లకేం తెలుసు!

గంట గడిచింది. లోపలి నుంచి చావుకేక!

"అమ్మా!"

పుష్పమ్మ పరుగున పోయి గడప ముందే కొయ్యబారింది. గర్భగుడిలో రక్తవర్ణపు ముగ్గు... నడుమ దీపం వెలిగించిన మనిషి పుర్రె! దాని ముందు జుట్టు విరబోసుకుని ఊగిపోతోంది మనీష. రఘుపతి చేతిలో కత్తి తళతళలాడుతోంది.

"అడుగు వేశావో, దీని కంఠం తెగుతుంది! ఈ పీఠం కింది నిధికి కన్యారుధిరం కావాలి!"

"సారూ, నీ కాళ్లు మొక్కుత! బిడ్డను ఇడిసిపెట్టు. గావాల్నంటే నన్ను సంపు!"

అతను వికటంగా నవ్వి మనీష వైపు తిరిగాడు. "వచ్చావా క్షుద్రదేవతా! ఏం కావాలి?"

మనీష నోట పండు ముసలి గొంతు పలికింది. "దూప... దూపైతాంది!"

"నూట ఎనిమిదోసారి మంత్రం ముగియగానే ఈ పిల్ల నెత్తురిస్తాను!" అతను కళ్లు మూసి జపం మొదలుపెట్టాడు.

దాహమన్న ఆ మాట వినగానే పుష్పమ్మకు అర్థమైంది. వచ్చింది వాడి క్షుద్రదేవత కాదు, ఈ గుడి అమ్మవారే! గుడి నీళ్లలోంచి తేలిన నాడు, ఎవరూ లోపలికి పోకముందే రేవు ఆడవాళ్లు బిందెడు కృష్ణ నీళ్లతో గడప తడపాలి. నీళ్లలో ఉండే తల్లి ఎండకు ఓర్వలేదని ఆ ఆచారం. ఈసారి జనం తొందరలో పుష్పమ్మ అది మరిచింది. తప్పు తనదైతే శిక్ష బిడ్డకా?

చేతిలో బిందె లేదు. ఆమె ఒక్క పరుగున పోయి నదిలో నిలువునా మునిగింది. నీళ్లోడుతూ తిరిగొచ్చి, కొంగును గడప మీద పిండింది.

"మర్సిపోయిన, తల్లీ... నా తప్పు కాయి! తాగు!"

గడప సుయ్యిమంది. మరుక్షణం పీఠం అడుగు నుంచి నీళ్లు ఎగదన్నాయి! పుర్రె దీపం ఆరిపోయింది. కత్తెత్తిన రఘుపతిని కాళ్ల కింది బురద మోకాళ్ల దాకా, నడుము దాకా, గొంతు దాకా మింగింది!

"రక్షించండి!" అని గావుకేక పెట్టాడు.

"నా గుళ్లెనే నా బిడ్డను సంపుతావురా?" అని మళ్లీ ఆ ముసలి గొంతే గర్జించింది.

బురద మూసుకుంది. ఎవడు తీసిన గోతిలో వాడే పడతాడంటారు... పాపం, రఘుపతికి గొయ్యి తీసుకునే శ్రమ కూడా తప్పింది.

కుప్పకూలిన మనీషను ఈడ్చుకుంటూ పుష్పమ్మ బయటపడింది. ఎంత పిలిచినా ఉలుకూ పలుకూ లేదు. చెంపలు తట్టింది, గుండెల మీద చెవి ఆనించి ఏడ్చింది. చాలాసేపటికి ఆ పిల్ల కళ్లు తెరిచింది.

"ఏందే అమ్మా, గట్ల తడిసినవ్? నీళ్లల్ల పడ్డవా?"

అది తన కూతురి గొంతే. పుష్పమ్మ ఆ తడి బట్టలతోనే బిడ్డను గట్టిగా వాటేసుకుంది.