చారల పరుపు, ఎర్రదారం

పాతపట్నం సంతలో నరసింగరావు పరుపు కొంటానంటే, వాళ్ళమ్మ జగ్గమ్మ బండి దిగనని కూర్చుంది.

"దేవుడి దగ్గర నిద్రకెల్తన్నామా, సుట్టాలింట్లో పెల్లికెల్తన్నామా? తుంగసాప సాలదేటి? మీ తాతలందరూ సాప మీదే పడుకున్నారు, ఆ ఇసకలోనే."

"వాలు పెద్దోలమ్మా. ఇది పాలు తాగే గుంట. రాత్రయితే ఇసక సెమ్మ కక్కుతాది. పైన ఎన్ని దుప్పట్లు కప్పితే ఏటి, సల్లదనం కిందనుంచి కదా వస్తాది?"

నరసింగరావు రోడ్డు సర్వే వాళ్ళ వెంట కొలత గొలుసు మోసే మనిషి. కొండల్లో గుడారాలు వేసుకుని పడుకోవడం అలవాటు. నేల మీద పడుకునేవాడికి కప్పుకునే దానికన్నా పరుచుకునేదే ముఖ్యమని అతనికి తెలిసినట్టు ఆ ఇంట్లో ఇంకెవరికీ తెలియదు.

అతని భార్య చిన్నతల్లి ఒళ్ళో పిల్ల ఊపిరి వింటోంది. పిల్ల గుండెలో రొంప, పిల్లి గురక పెట్టినట్టు గురగురమంటోంది. ముందు పుట్టిన ఇద్దరూ నిలవలేదు. ఇది కడుపులో పడ్డప్పుడు చిన్నతల్లి శ్రీముఖలింగం వైపు తిరిగి దణ్ణం పెట్టుకుంది. 'స్వామీ, ఇది బతికి బట్టకడితే కార్తీకంలో నీ గుడి ముందర, నీ ఏటి ఇసకలో, ఒక రాత్రి నీకు అప్పజెప్పి పడుకోబెడతాను.' పిల్ల బతికింది. లింగమ్మ అని పేరు పెట్టుకున్నారు. కార్తీకం వచ్చేసింది, రొంప మాత్రం పోలేదు. మొక్కు వాయిదా వేస్తే స్వామికి కోపం. చలిలో పడుకోబెడితే పిల్లకి ప్రాణం మీదికి. అందుకే ఆ పరుపు.

సంత చివర ఎల్లాజీ అనే అతను టార్పాలిన్ కింద కొట్టు పెట్టాడు. క్యాంపు సరుకు అంటాడు. పక్కబట్టలు చుట్టి కట్టే హోల్డాళ్ళు, మడత మంచాలు, లాంతర్లు, అన్నీ ఎవరో ఒకరు వాడి వదిలేసినవే.

మొదట రబ్బరు గాలిపరుపు చూపించాడు. నరసింగరావు నోరు పెట్టి ఊదాడు. మొహం కందిపోయేదాకా ఊదాడు. ఎక్కడో సన్నగా 'స్స్' మని గాలి పోతూనే ఉంది.

జగ్గమ్మ బండిలోంచి కేకేసింది. "ఒరే నర్సింగా, నువ్వు పరుపు మీద పడుకుంటావా, పరుపుకి ఊపిరి పోస్తావా?"

సంతంతా నవ్వింది. ఎల్లాజీ నవ్వి అది పక్కన పడేసి, కొబ్బరిపీచు పరుపు తీశాడు. అది బరువు, పైగా పిల్ల వీపుకి గుచ్చుకుంటుంది. చివరికి అడుగున ఉన్న చుట్ట ఒకటి లాగాడు. నీలం తెలుపు చారల గుడ్డ, లోపల బూరుగు దూది, చుట్టి కట్టడానికి రెండు తోలు పట్టీలు.

"ఆఫీసరు దొరలు క్యాంపుల్లో వాడినదమ్మా. సేత్తో నొక్కి సూడండి, ఎంత మెత్తనో."

చిన్నతల్లి నొక్కింది. మెత్తగానే ఉంది. చెయ్యి తీశాక కూడా నొక్కిన చోట పడ్డ గుంట వెంటనే పైకి లేవలేదు. మెల్లగా... నిదానంగా నిండింది.

నరసింగరావు దానికి సరిపడా మిగతావన్నీ ఏరాడు. కింద ఇసక చెమ్మ పట్టకుండా మైనపు గుడ్డ. పైన పిల్ల తడపకుండా ఆసుపత్రుల్లో వేసే ఎర్ర రబ్బరు షీటు. అది పరుపు వెడల్పుకి అమరుతుందో లేదో పరిచి చూసి, జానతో కొలిచి మరీ తీసుకున్నాడు. నాలుగు వెదురు పుల్లలతో దోమతెర. దిండు ఒక్కటీ కొనలేదు, పిల్ల ఆవాల దిండు ఇంట్లో ఉందిగా.

ఇంటికి వచ్చాక చిన్నతల్లి పరుపు ఎండలో వేసింది. అప్పుడు చూసింది, ఒక మూల కుట్లు విప్పి ఉన్నాయి. చిరుగు కాదు. ఎవరో కావాలని దారం తెంపి, జానెడు మేర నోరు తెరిచి వదిలేసినట్టుంది. దూది లోపలికి తోయబోయి వేలు పెట్టింది. అంత ఎండలోనూ లోపల చల్లగా, జిగటగా, పళ్ళు లేని నోట్లో వేలు పెట్టినట్టు తగిలింది. ఛీ అనుకుని వేలు లాక్కుంది.

ఆమెది శృంగవరపుకోట. అక్కడ పుట్టింట్లో ఆడపిల్లకి చిరుగు కనిపిస్తే కుట్టమనే నేర్పారు. సూదీ దారం తెచ్చింది. అమ్మవారి చీర అంచుకి వాడగా మిగిలిన ఎర్రదారం. వెళ్ళేది దేవుడి దగ్గరికి కదా, శుభంగా ఉంటుందనుకుంది. మూల అంతా దగ్గర దగ్గరగా, గట్టిగా కుట్టేసి ముడి వేసింది. దారం రీలు అక్కడికి సరిగ్గా అయిపోయింది. పిల్ల ఆవాల దిండు మూల కూడా పిగిలి ఆవాలు రాలుతున్నాయి గానీ, ఇంక దారం లేదు. తరువాత చూద్దామని వదిలేసింది.

జగ్గమ్మ పరుపు మీద కోపంతో ఆ వైపు కన్నెత్తి చూడలేదు. చూసి ఉంటే ఈ కథ ఉండేది కాదు.

ఆ పూట చిన్నతల్లి కుంకుడు రసంతో చెయ్యి కడిగింది, పసుపు రాసి కడిగింది. అన్నం కలిపితే మాత్రం వేలి దగ్గర పులిసిన పాల కంపు. ముద్ద నోటిదాకా వచ్చి ఆగిపోయింది.

మొక్కు రోజున శ్రీముఖలింగం చేరేసరికి పొద్దు వాలుతోంది. గుడిలో స్వామి ముఖం దీపాల వెలుగులో ప్రసన్నంగా ఉంది. పిల్లని గడప దగ్గర ఉంచి, "నీదే స్వామీ" అని చిన్నతల్లి కళ్ళు ఒత్తుకుంది. వంశధారలో దీపాలు వదిలారు. మొక్కు నిద్ర ఆడవాళ్ళదీ పిల్లదీ గనుక నరసింగరావు, బండి తోలే గంగులు గట్టు మీద ఎడ్ల దగ్గర ఉండిపోయారు. జగ్గమ్మ తన చాప కాస్త ఎడంగా వేసుకుని, పంచాక్షరి చెప్పుకుంటూనే నిద్రలోకి జారింది.

మైనపు గుడ్డ, దాని మీద పరుపు, దాని మీద రబ్బరు షీటు, పాత చీర మడత. పిల్ల తల కింద ఆవాల దిండు. చుట్టూ దోమతెర. అంతా నరసింగరావు చెప్పినట్టే అమరింది. పిల్ల హాయిగా నిద్రపోయింది. గురగుర కూడా తగ్గింది. ఏటి మీద నుంచి తడి గాలి, దూరంగా ఎవరో భజన, ఇసకలో ఆరిన ప్రమిదల నూనె వాసన. చిన్నతల్లికి మనసు కుదుటపడింది.

కాసేపటికి ఆ నూనె వాసన కింద ఇంకో వాసన మొదలైంది. ముందు పిల్ల తడిపిందనుకుంది. చీర తడిమింది, పొడిగా ఉంది. రబ్బరు షీటు పొడిగా ఉంది. అయితే ఇసక చెమ్మ ఎక్కిందేమో అని మైనపు గుడ్డ ఎత్తి అడుగున చెయ్యి పెట్టింది. అదీ పొడిగానే ఉంది.

పరుపు మీద చెయ్యి వేసింది. తడి.

పైనుంచి రాలేదు. కిందనుంచి రాలేదు. నొక్కితే వేళ్ళ సందుల్లోంచి ఉబికింది. గోరువెచ్చగా... జిగురుగా... పులిసిన కషాయం, మూత్రం, మంచాన పడ్డ మనిషి వీపు పుండు, అన్నీ కలిసిన కంపు. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

పిల్లని ఎత్తుకుందామని చెయ్యి చాపింది. పిల్ల అక్కడ లేదు.

రబ్బరు షీటు పక్కకి జారింది. పిల్ల పరుపు అవతలి అంచుకి దొర్లింది. ఆ వైపు పరుపు కుంగి ఉంది. పొడుగ్గా, ఒక పక్కకి తిరిగి, మోకాళ్ళు ముడుచుకుని పడుకున్న మనిషంత గుంట. ఆ గుంట ఒడిలో పిల్ల ఒదిగి పడుకుంది. ఎవరో చెయ్యి వేసి దగ్గరికి తీసుకున్నట్టు.

చప్పుడు వినిపించింది.

చప్... చప్... గుటక.

చిన్నతల్లి వంగింది. వెన్నెల్లో కనిపించింది. తాను ఎర్రదారంతో కుట్టిన మూల... అది పిల్ల నోట్లో ఉంది. పిల్ల కళ్ళు మూసుకుని పాలు తాగినట్టు తాగుతోంది. గొంతు కదులుతోంది. మింగుతోంది. ఒక్కో గుటకకీ పరుపు కొంచెం లేచి... కొంచెం దిగుతోంది.

ఊపిరి తీస్తున్నట్టు.

"అత్తా..." చాప వైపు తిరిగి పిలిచింది. "అత్తా... లే..."

పిల్లని పట్టి లాగింది. రాలేదు. ఇంకోసారి లాగితే నోరు ఊడింది. పిల్ల పెదాల నుంచి కుట్టుదాకా సన్నగా ఏదో సాగింది. తెల్లటి వెంట్రుక. చిన్నతల్లి దాన్ని వేలికి చుట్టి పిల్ల నోట్లోంచి లాగింది. వచ్చింది. ఇంకా వచ్చింది. తడిగా, జిడ్డుగా, వస్తూనే ఉంది... చివరికి పిల్ల కక్కింది. పసుపు రంగు చార చిన్నతల్లి ఒడిలో పడింది. పిల్ల ఏడవలేదు. ఊపిరి గురగుర కూడా లేదు.

జగ్గమ్మ దోమతెర ఎత్తింది. వాసనకి మొహం తిప్పుకుంది. తరువాత ఆమె కళ్ళు పరుపు మూల మీద పడ్డాయి.

"ఇది ఎవులు కుట్టినారే?" గుసగుసగా అడిగింది.

"నానే అత్తా. పిగిలిపోనాదని..."

"పిగిలిపోలేదే పిచ్చిముండా! ఇప్పినారు! ఈ ఏటి గట్టు ఊల్లల్లో, మంచాన పడి పోయినోల పరుపు రేవులో పారేసే ముందు మూల ఇప్పుతారు. పడుకున్నోలు లేసి ఎల్లాలని. ఎవుడో ఏరుకొచ్చి అమ్మినాడు, నువ్వు తలుపేసినట్టు కుట్టీసినావు!"

"మా వేపు కాల్సెత్తారు అత్తా... నాకేటి తెలుసు..."

"ఇప్పీ. ముందు ఇప్పీ! గుంటకి ఊపిరాడతలేదు, సూడు!"

పిల్ల మొహం నల్లబడుతోంది. కత్తెర లేదు. గోళ్ళకి కుట్టు దొరకలేదు, తడిసి బిగుసుకుపోయింది. అంత గట్టిగా కుట్టింది తానే. చిన్నతల్లి పిల్లని అత్త చేతిలో పెట్టి, ఆ మూలకి నోరు పెట్టింది.

ఆ రుచి గురించి ఆమె తరువాత ఎవరికీ చెప్పలేదు. అడిగితే లేచి వెళ్ళి నోరు పుక్కిలించి వచ్చేది.

పళ్ళతో కొరికింది. ఒక కుట్టు తెగింది. ఇంకోటి. నాలుక మీద దూది, దూదిలో వెంట్రుకలు, వెంట్రుకల్లో ఏదో మెత్తగా, చితికిన అరటిపండులా... ఉమ్ముతూ కొరికింది. చివరి కుట్టు తెగగానే ఆమె మొహం మీదికి వెచ్చటి గాలి కొట్టింది. చాలాకాలం బిగబట్టిన ఊపిరి ఒక్కసారి వదిలినట్టు. అందులో పులిసిన పాల కంపు.

"నమశ్శివాయ... నమశ్శివాయ..." జగ్గమ్మ పిల్ల వీపు చరుస్తోంది.

పిల్ల కెవ్వున ఏడ్చింది.

గట్టు మీద నుంచి నరసింగరావు పరుగెత్తుకొచ్చేసరికి అత్తాకోడళ్ళు ఆ పరుపుని ఏటిలోకి ఈడుస్తున్నారు. ఇద్దరాడవాళ్ళకీ లొంగనంత బరువుంది. నీళ్ళలో పడ్డాక కాసేపు చాపలా పరుచుకుని తేలింది. తరువాత నడుం దగ్గర వంగింది. పడుకున్నవాళ్ళు లేచి కూర్చుంటే పక్క కుంగినట్టు. అలాగే మునిగిపోయింది.

"లేసినాది." జగ్గమ్మ చేతులు కడుక్కుంది. "దాని దారి అది సూసుకుంటాది."

పిల్లని తెల్లవార్లూ తాత ముత్తాతల తుంగచాప మీదే, అత్తాకోడళ్ళ మధ్య ఉంచారు. కార్తీకమాసపు చలి కొరికింది గానీ పిల్లకి ఏమీ కాలేదు. పొద్దున్నే తలంటి స్నానం చేయించి మళ్ళీ దర్శనం చేసుకున్నారు. తీర్థం గొంతు దిగాక చిన్నతల్లి మొదటిసారి నవ్వింది. రొంప పూర్తిగా పోయింది. స్వామి దయ అన్నారు అందరూ.

ఇంటికి చేరేసరికి దీపాలు పెట్టే వేళయింది. మైనపు గుడ్డ, రబ్బరు షీటు, దోమతెర అన్నీ దొడ్లో కుప్పపోసి కాల్చేయమంది జగ్గమ్మ. పిల్లని మాత్రం పాత చాప మీద, ఎప్పటి దుప్పటి మీద పడుకోబెట్టి, తల కింద ఆవాల దిండు పెట్టింది చిన్నతల్లి. పుట్టినప్పటి నుంచీ పిల్ల తల పెట్టుకున్న దిండు. ఆ రాత్రి ఇసకలో కూడా పిల్ల పక్కనే ఉంది, పిగిలిన మూల తెరుచుకుని. ఆవాలు ఎన్ని రాలిపోయాయో, రేపైనా దారం కొని కుట్టాలి అనుకుంటూ మూల తడిమింది.

చిరుగు తగల్లేదు.

దీపం దగ్గరికి తెచ్చి చూసింది. మూల అంతా కుట్టేసి ఉంది. ఎర్రదారంతో. దగ్గర దగ్గరగా, గట్టిగా. ఒక్కో కుట్టు పక్కనా పంటిగాట్లు పడి, దారం ఇంకా తడిగా ఉంది.

దిండు ఊపి చూసింది. ఆవాలు గలగలమనలేదు.

చాప మీద పిల్ల కళ్ళు తెరవకుండానే ఇటు తిరిగి, దిండు కోసం నోరు చాచింది.