ఏడవని పెళ్లికూతురు

తెల్లారి చాయ గ్లాసులు పక్కన పెట్టేసరికి తండాలోని ఆ ఇంటి ముందు మిర్చి కుప్ప, కుప్ప చుట్టూ ముగ్గురు. అత్త ద్వాలి, మామ మంగీలాల్ తొడిమలు తీస్తున్నారు. కోడలు హేమ్లి చేతులు మిర్చిలో, కళ్లు ఒళ్లోని పుస్తకంలో. ఎమ్మే తెలుగు చదువుతోంది. ఆ రోజే ఖమ్మం కాలేజీలో ఒక పాత నవల మీద మాట్లాడాలి. ఆ గ్రాంథికం ఇనుప గుగ్గిళ్లే. రోజూ పైకి చదివి, వాడుక మాటల్లో విప్పి చెప్పుకుంటుంటే అత్తమామలకు కథ పిచ్చి పట్టింది.

“‘శ్యామల కంట తడి పెట్టక, వెనుదిరిగి చూడక బండి యెక్కెను.’ అంటే పుట్టిల్లు విడిచేటప్పుడు ఆమె ఏడవలేదత్తా.”

“మరి ఆమె గురించి ఏం జెప్తవ్?” మామ అడిగాడు.

“గైడుల ఉన్నదే. శ్యామల అహంకారి, మనసు లేనిది అని.”

ద్వాలి చేతిలో మిరపకాయ విసిరికొట్టింది. “ఎవడు రాసిండు గట్ల? తండ్రి మంచంల ఉండె. ఇది నోరు దెరిస్తే ఆ ముసలోడు బతుకుతడా? ఏడుపంత కడుపుల పెట్టుకొని పోయింది నా బిడ్డ!” అంటూ కళ్లొత్తుకుంది. అవి మిర్చి చేతులు. కళ్లు భగ్గుమన్నాయి.

మంగీలాల్‌కు నవ్వాగలేదు. “శ్యామల నీ బిడ్డయింది. మరి ఈ పిల్ల ఏడ్వలేదని పెండ్లినాటి సంది దెప్పుతున్నవ్ గదా?”

అప్పగింతలప్పుడు పెళ్లికూతురు ఒక్కొక్కరి మెడ పట్టుకుని ‘ఢావ్లో’ అనే వీడ్కోలు పాట పాడుతూ ఏడవడం తండా ఆచారం. హేమ్లి పాడలేదు. “ఒక్క చుక్క రాల్చకుండ వచ్చింది, పొగరు” అని ద్వాలి చెప్పని చుట్టం లేదు. ఆ మాట హేమ్లికి గుండెలో ముల్లు. ఇంటికెంత చేసినా అది కదలలేదు.

“అవ్, ఎందుకేడ్వలేదే?” ద్వాలి మొండిగానే అడిగింది. “ఒక్కనాడన్న చెప్పినవా?”

“నువ్వు ఒక్కనాడన్న అడిగినవా అత్తా? దెప్పుడే గానీ!” హేమ్లి గొంతు లేచింది. “మా నాయిన అప్పుడే గుండె ఆపరేషనై దవాఖానా నుంచి వచ్చిండు. పందిట్ల గుంజ పట్టుకొని నిలబడ్డడు. నేను రాగం దీస్తే పడిపోతుండె.”

ఇంతలో బస్సు దాకా దింపే ముత్యాలు ఆటో హారన్ కొట్టాడు. హేమ్లి చేతులు కడుక్కుని, బ్యాగు భుజాన వేసుకుని రెండడుగులు వేసిందో లేదో, అత్త వెనకే వచ్చి మెడ పట్టుకుంది.

“పుస్తకంల పిల్లకు ఏడ్చిన. ఇంట్ల పిల్లను సూడకపోతి. ఇప్పుడన్న ఏడ్వు బిడ్డా, ఎవరూ పడిపోరు” అని తానే ఢావ్లో అందుకుంది.

హేమ్లికి కట్ట తెగింది. తండా మాటలో అమ్మను పిలిచినట్టు “యాడీ!” అని అత్తను వాటేసుకుని, ఇన్నేళ్లూ దాచుకున్న రాగమంతా తీసింది. ఏడుస్తుంటే ప్రాణం ఎంత హాయిగా ఉందో!

ముత్యాలు బిత్తరపోయి ఆటో దిగాడు. “ఏమైందక్కా, ఇగ మళ్ల రావా?”

“పొద్దుగూకేసరికి వస్తది” అన్నాడు మంగీలాల్ కళ్లు తుడుచుకుంటూ. “జల్దీ తీస్కపో. శ్యామల మంచిదని జెప్పనీకి పోతుంది.”