పేరు చెప్పి వదిలిన చుక్క

తొంభై తొమ్మిదో సంవత్సరం, ఆషాఢమాసం. మంగళవారం, అసురసంధ్య వేళ... మరునాడు అమావాస్య, సూర్యగ్రహణం!

పడమటి ఆకాశం తుప్పు పట్టిన ఇనుములా ఎర్రగా మసకబారింది. సముద్రం మీద ఎక్కడో ఒక ఉరుము దొర్లి దొర్లి ఆగింది. డాల్ఫిన్ నోస్ కొండ నీళ్లలోకి మూతి చాచి పొంచి ఉన్న మృగంలా కనిపిస్తోంది. పూర్ణా మార్కెట్ దగ్గర ఎక్కిన ఆటో పాతఊరి సందు మొదట్లోనే ఆగిపోయింది. డ్రైవరు పెట్టెలు దింపి, ఎందుకు ముందుకు రానో చెప్పకుండా బండి తిప్పుకుని వెళ్లిపోయాడు.

శ్రీరామ్మూర్తి, గౌరీశ్వరి సందులోకి నడిచారు. శ్రీరామ్మూర్తి రాజమండ్రిలో ఒక వారపత్రికకు రాస్తాడు. పాత కట్టడాలను బాగుచేసి తెరిచిన చిన్న హోటళ్లలో బస చేసి, ఆ ఊరి పాత బార్లు చూసి, వాటి కథలు రాయడం ఆయన పని. తాను మాత్రం సోడా తప్ప ముట్టడు. ఇదివరకు ఒంటరిగా తిరిగేవాడు. ఏడాదిగా భార్యను వెంట తీసుకెళుతున్నాడు. వాళ్ల ఒక్కగానొక్క కొడుకు మణికంఠ, ఎనిమిదేళ్లవాడు, నిరుడు వానాకాలంలో మెదడువాపు జ్వరంతో పోయాడు. ఆ తరవాత ఆమె ఆ ఇంట్లో ఒక్కర్తే ఉండలేకపోయింది.

ఏ ఊరు వెళ్లినా ఆమె చేతిసంచిలో పిల్లవాడి చిన్న తువ్వాలు ఉంటుంది. నీళ్లు తాగాక దాని కొస నోట్లో పెట్టుకుని చప్పరించడం వాడి అలవాటు. ఎంత కసిరినా మానలేదు. ఏడాదైనా ఆమె ఆ తువ్వాలును ఉతకలేదు.

సందు చివర తెల్లటి మేడ. దొరల కాలంలో ఓడ కెప్టెన్లు దిగిన ఇల్లు. పైన ఆరు గదులు, టేకు మంచాలు, ఇత్తడి ఓడ లాంతర్లు. ఇలాంటివాటిని ఇప్పుడు బొటిక్ హోటళ్లంటున్నారని, వచ్చి రెండు రోజులుండి రాయమని యజమాని జగ్గారావే ఫోన్ చేసి పిలిచాడు. కింద నూరేళ్ల నాటి బారు ఉందని ఆశ పెట్టాడు. దంపతులిద్దరూ రావాలని మరీ మరీ చెప్పాడు.

పిట్టగోడ మీద, ఇంకా వెలుతురు ఉండగానే, ఒక గుడ్లగూబ కూర్చుని ఉంది. మనుషుల అలికిడికి లేవలేదు. మెల్లగా మెడ తిప్పి గౌరీశ్వరి వైపే చూసింది...

జగ్గారావు భారీ మనిషి. కనుగుడ్ల నిండా ఎర్ర జీరలు. ముందు గౌరీశ్వరిని చూశాడు, తరవాత ఆమె చేతిసంచిని చూశాడు, ఆ తరవాతే శ్రీరామ్మూర్తికి నమస్కారం పెట్టాడు.

గౌరీశ్వరి తలనొప్పిగా ఉందని గదిలో పడుకుంది. శ్రీరామ్మూర్తి బారు చూడ్డానికి దిగాడు. లోపల సమాధిలోలా చల్లగా ఉంది. పగిలిన ఓడ కలపతో చేసిన కౌంటరు, దాని వెనక వరసలు వరసలుగా సీసాలు. కౌంటరు ముందు నేలలో చాపంత నల్లరాయి పలక. తక్కిన నేలంతా గచ్చు, ఆ ఒక్కచోటే రాయి. నలుగురైదుగురు తాగుతున్నారు గాని ఎవరూ మాట్లాడుకోవడం లేదు. గ్లాసు అందుకోగానే ప్రతివాడూ వేలు ముంచి, ఒక పేరు గొణిగి, ఆ పలక మీద ఒక చుక్క విదిలించాడు.

పోయినవాళ్లకు తొలిచుక్క వదలడం శ్రీరామ్మూర్తి చాలా ఊళ్లలో చూశాడు. పేరు చెప్పి వదలడం మాత్రం ఎక్కడా చూడలేదు.

“మా బార్లో పేరు సెప్పే ఒగ్గాల గురువుగారూ,” అన్నాడు జగ్గారావు, ఒక గ్లాసు ఆయన ముందుకు జరిపి. “లేపోతే ఆళ్లకి అందదు. మద్యనిషేదంలో తలుపులు మూసీసినాం కదా... ఏటనుకున్నారు, లోపలున్నోళ్లు దాహంతో గోడలు గీరీసినారు.”

హాస్యానికే అన్నట్టు అన్నాడు. ఎవరూ నవ్వలేదు.

శ్రీరామ్మూర్తి తాను తాగనని చెప్పాడు.

“తాగొద్దు. ఒక్క సుక్క ఒగ్గండి సాలు. మీకు పోయినోళ్లెవురూ లేరా ఏటి?”

ఏడాదిగా ఆ మాట ఎవరూ ఆయనను సూటిగా అడగలేదు. తెలియకుండానే వేలు గ్లాసులోకి వెళ్లింది. “మణికంఠ,” అన్నాడు.

చుక్క పలక మీద పడింది... మరుక్షణం లేదు! కాలిన పెనం మీద నీటిబొట్టులా మాయమైంది. వంగి తాకితే రాయి మంచులా ఉంది. అప్పుడే మేడమీద గౌరీశ్వరి కేక వినబడింది.

తెల్లవారేసరికి ఆ మంచం మీద ఉన్నది గౌరీశ్వరి కాదు. కళ్లు లోతుకు పోయాయి. పెదవులు చీలాయి. “దాహం... దాహం...” అంటోంది. ఒక గొంతుతో కాదు. ఒకసారి ముసలివాడి గొంతు, ఒకసారి ఏదో దూరదేశపు నావికుడి గొంతు, ఒకసారి ఎవరో పసిపిల్ల గొంతు. నీళ్లు పోస్తే గుటక దిగలేదు, నోటి పక్కనుంచి కారిపోయాయి. శ్రీరామ్మూర్తి ఆమెను చేతుల మీద ఎత్తుకుని కిందికి పరుగెత్తాడు. వీధిగడప దాటబోగానే ఆమె ఊపిరి ఆగింది, ముఖం నీలమైంది. వెనక్కి అడుగు వేస్తే ఊపిరి తిరిగింది. మళ్లీ ప్రయత్నిస్తే మళ్లీ అంతే. డాక్టరును పిలుద్దామని ఫోను ఎత్తితే, అవతల ఎవరో గుటకలు మింగుతున్న చప్పుడు...

గదులు ఊడవడానికి యారాడ నుంచి వచ్చే చిలకమ్మ గుమ్మంలో నిలబడి అంతా చూసింది. లోపలికి వచ్చి తలుపు వేసింది.

“పేరు సెప్పీసినావా బాబూ?” అంది.

శ్రీరామ్మూర్తి తల ఊపాడు. ఆమె గోడకు ఆనుకుని, గొంతు తగ్గించి చెప్పింది. ఆ నల్లపలక కింద మట్టిలో ఒక కపాలం ఉంది. అది జగ్గారావు గురువుది, శ్మశానాలు పట్టుకు తిరిగిన క్షుద్రమాంత్రికుడిది. పేరు చెప్పి వదిలిన చుక్క పోయినవాళ్లకు చేరదు. ఆ కపాలమే తాగేస్తుంది. తమ చుక్క కోసం వచ్చిన ఆత్మలు దాహంతో అక్కడే చిక్కుకుపోతాయి. జగ్గారావు పేరు పెట్టి పిలిస్తే పలకాలి, ఎవరి మీదికి పొమ్మంటే వాళ్ల మీదికి పోవాలి. ఇవాళ గ్రహణం నిండుగా పట్టిన వేళ, కడుపుకోత మానని ఒక తల్లి ఒంట్లోకి ఆ కపాలాన్ని ఆవాహన చేస్తాడు. ఆ తరవాత ఆ శరీరంలో లేచేది అతని గురువు. గౌరీశ్వరి ఇక ఉండదు. పిల్లవాడు ఎప్పటికీ ఆ బారు దాటి పోలేడు.

అన్నీ తెలిసి ఇక్కడ ఎందుకు పనిచేస్తున్నావని ఆయన అడిగాడు.

“నా కొడుకు సూరన్న సంద్రంలోకి ఏటకెల్లి తిరిగి రానేదు. ఆడి సావాసగాళ్లు ఈడకొచ్చి ఆడి పేరెట్టి సుక్క ఒగ్గీసినారు,” అంది చిలకమ్మ. “నాను బారు ఊడుత్తంటే ఆడు దగ్గుతాడు బాబూ. ఆణ్ని ఒగ్గీసి నానెక్కడికెల్తాను?”

విడిపించే దారి ఆమెకూ తెలియదు.

మధ్యాహ్నం దాటాక గౌరీశ్వరి ఒక్కసారి కళ్లు తెరిచింది. అవి ఆమె కళ్లే. “గ్రహణం పడుతుంది. తాగే నీళ్లలో దర్భ వేశారా?” అంది, ఇంట్లో వంటగది నుంచి అడిగినట్టు. ఆ వెంటనే కళ్లు మళ్లీ లోతుకు పోయాయి.

శ్రీరామ్మూర్తి ఆమె సంచి తెరిచాడు. దర్భపోచలు కాగితంలో చుట్టి ఉన్నాయి, పక్కనే తువ్వాలు. రాగిచెంబులో నీళ్లు నింపి ఒక పోచ వేశాడు. దర్భ వేలికి తగలగానే నిరుడు గోదావరి ఒడ్డున పిల్లవాడికి కర్మ చేయించిన రోజు గుర్తుకొచ్చింది. అంతా అయ్యాక పురోహితుడు తడిగుడ్డ పిండమన్నాడు. ఎవరూ లేనివాళ్లకు, పేరు కూడా మిగలనివాళ్లకు ఆ నీళ్లు అన్నాడు. తన బిడ్డ పోయి తాను ఏడుస్తుంటే ఊరివాళ్ల దాహం తనకెందుకని ఆ రోజు శ్రీరామ్మూర్తికి కోపం వచ్చింది. పిండకుండానే గట్టు ఎక్కేశాడు.

సాయంత్రం అయిదు దాటింది. మబ్బుల వెనక సూర్యుణ్ణి ఏదో కొరకడం మొదలుపెట్టింది. కాకులు అరుస్తూ గూళ్లకు మళ్లాయి. సందులో ఒక్క తలుపూ తెరిచి లేదు. రేవులో ఓడ ఒకటి గాయపడ్డ జంతువులా మూలిగింది. గౌరీశ్వరి మంచం మీద లేచి కూర్చుంది... ఎవరో చేయి పట్టి నడిపిస్తున్నట్టు మెట్లు దిగింది. శ్రీరామ్మూర్తి చెంబు, తువ్వాలు పట్టుకుని వెంట వెళ్లాడు. అవి ఎందుకు పట్టుకున్నాడో ఆయనకే తెలియదు.

బారులో దీపాలు లేవు. నల్లపలకను లేపి గోడకు ఆనించారు. దాని చోట తడిమట్టి గుంట, శవం లేచిపోయిన గోతిలా నోరు తెరుచుకుని ఉంది. కౌంటరు మీద కపాలం! నుదుట కుంకుమ, పళ్లమధ్య మద్యం నురగ. ఎర్రబట్ట కట్టిన జగ్గారావు దాని ముందు నిలబడి భీకరస్వరంతో మంత్రం చదువుతున్నాడు. మంత్రం మధ్యలో పేర్లు... ఒకటి తరవాత ఒకటి పేర్లు. పిలిచిన ప్రతి పేరుకూ సీసాల వెనక చీకట్లో ఏదో కదిలింది. గదంతా ఎండిన నాలుకల చప్పుడుతో నిండిపోయింది.

గౌరీశ్వరి గుంట అంచున మోకాళ్ల మీద కూలబడింది. ఆమె తల మెల్లగా కపాలం వైపు తిరిగింది. రెండిటి దవడలూ ఒకేసారి తెరుచుకున్నాయి!

శ్రీరామ్మూర్తి ముందుకు దూకబోయాడు. కనబడని చేతులు ఆయనను గోడకేసి అదిమాయి.

“ఆగండి గురువుగారూ,” అన్నాడు జగ్గారావు. “మీ గుంటణ్ని సూస్తారా? మణికంఠా, ఇలా రా.”

సీసాల వెనకనుంచి చిన్న ఆకారం వచ్చింది. బడి చొక్కా, చెదిరిన జుట్టు. పెదవులు ఎండి అట్టలు కట్టాయి. వాడు తండ్రి ముఖం చూడలేదు. ఆయన చేతిలోని చెంబును చూశాడు.

“ఆ నీళ్లు ఆడికే పోసీయండి. పేరెట్టి ఒగ్గండి. ఆడు తాగుతాడు, ఎల్లిపోతాడు. మీ ఆడమనిసిని మాత్తరం నాకు ఒగ్గీయండి.”

పట్టు సడలింది. శ్రీరామ్మూర్తి చెంబు ఎత్తాడు. కొడుకు పేరు నాలుక చివరికి వచ్చింది. ఏడాదిగా ఆయన కోరుకున్నది ఇంతే, వాడికి ఒక్కసారి ఏదైనా చేతికందించడం. వాడి వెనక చీకట్లో ఇంకెందరో చెంబు వైపు చూస్తున్నారు. తోపులాట లేదు. దూరంగా నిలబడి, ఎవరూ తమను పిలవరని తెలిసినవాళ్లలా చూస్తున్నారు.

పేరు చెప్పిన చుక్క ఎక్కడికి పోతుందో ఆయనకు పొద్దునే తెలిసింది.

పెదవులు మూసుకున్నాడు. భార్య ఏడాదిగా ఉతకని తువ్వాలును చెంబులో పూర్తిగా ముంచాడు. పలక లేని మట్టి మీదికి చేయి చాచి పిండాడు.

“ఎవరూ లేనివాళ్లకు,” అన్నాడు. “పేరు తెలియనివాళ్లకు. నాకేమీ కానివాళ్లకు. అందరికీ ఈ నీళ్లు.”

నీళ్లు మట్టిలోకి ఇంకాయి. ఆకాశం మీద చివరి వెలుగు ఆరిపోయింది. గ్రహణం నిండింది... ఆ కటిక చీకట్లో, ఒడ్డు నుంచి పెద్ద కెరటం వెనక్కి తీసినట్టు, ఎన్నో గొంతులు ఒక్కసారిగా ఊపిరి వదిలాయి.

జగ్గారావు పేర్లు పిలిచాడు. మళ్లీ పిలిచాడు. గుమ్మం అవతల చిలకమ్మ చెవి ఒగ్గి నిలబడి ఉంది. “సూరన్నా,” అని అతను అరిచినప్పుడు ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. సూరన్న పలకలేదు. ఎవరూ పలకలేదు. దాహం తీరినవాళ్లకు అతనితో పనిలేదు.

కపాలం ఒక్కటే ఇంకా దాహంతో ఉంది.

అది కౌంటరు మీద గిర్రున తిరిగి జగ్గారావు వైపు ఆగింది. సీసాలు ఒకటొకటిగా భళ్లున పగిలాయి. అతను పగిలిన సీసా ఎత్తి నోట్లో ఒంపుకున్నాడు. మద్యం నాలుక తాకకముందే ఆవిరైపోయింది. ఇంకొకటి ఎత్తాడు, ఇంకొకటి... బుగ్గలు లోపలికి పీక్కుపోయాయి. చేతులు పుల్లలయ్యాయి. గుంటలోని తడిమట్టికి నోరు ఆనించబోయాడు. మట్టి అతని కింద బీటలు వారింది. పిడుగు ఒకటి కొండ మీద పడి బారంతా తెల్లగా వెలిగింది. ఆ వెలుగులో కపాలం నిట్టనిలువునా పగిలింది. గుంట అంచున, ఎర్రబట్టలో, తీరంలో ఆరేసిన ఎండుచేపలా పడి ఉన్నదే జగ్గారావు!

గ్రహణం విడిచింది. కిటికీలోంచి బూడిదరంగు వెలుతురు వచ్చింది. వాన మొదలైంది. చిలకమ్మ బారంతా ఒకసారి కలయజూసింది, చీపురు అక్కడే పడేసి, వానలో తడుస్తూ యారాడ దారి పట్టింది.

గౌరీశ్వరి నేలమీద నుంచి లేచి కూర్చుంది. పక్కన ఖాళీ చెంబు చూసింది.

“నీళ్లు ఎవరికి ఇచ్చారు?”

“అందరికీ.”

“మనవాడికి?”

“వాడి పేరు చెప్పలేదు గౌరీ.”

ఆమె చేయి చాచింది. ఆయన తువ్వాలు ఇచ్చాడు. ఏడాదిగా దాచుకున్నదాన్ని తడిపేశానని చెప్పబోయి ఆగాడు. గుడ్డ పొడిగా ఉంది. ఇప్పుడే పిండిన గుడ్డ, ఆ వానగాలిలో, ఎండలో ఆరేసినట్టు పొడిగా ఉంది.

ఒక కొస మాత్రం తడిగా, వెచ్చగా, పళ్లగుర్తులతో నలిగి ఉంది.

గౌరీశ్వరి ఆ కొసను చెంపకు ఆనించుకుంది. తరవాత మెల్లగా అంది.

“ఎన్నిసార్లు చెప్పినా మానడు.”