గుంటూరు ముందా, విశాఖ ముందా

స్నానాల గదిలో నీళ్ల చప్పుడు ఆగగానే శ్యాంప్రసాద్ పేపరు దించి "సుధా" అని పిలిచాడు. లోపలి నుంచి "ఆఁ" అని వినిపించింది. మళ్లీ పేపరు ఎత్తాడు. ఆ గది తలుపుకి లోపల గడియ లేదు. సాయి సుధకి తొమ్మిదో తరగతిలో మొదటిసారి ఫిట్స్ వచ్చినప్పుడు ఆయనే దాన్ని ఊడదీశాడు. మాత్రలు పనిచేసి రెండేళ్లుగా ఫిట్స్ రాలేదు. గడియ మాత్రం మళ్లీ పెట్టలేదు.

తెనాలిలో తమ ముగ్గురికి తప్ప ఈ సంగతి ఎవరికీ తెలియదని ఆయన నమ్మకం. ఊళ్లో డాక్టరుకి చూపిస్తే పదిమంది నోళ్లలో పడుతుందని బాపట్ల తీసుకెళ్లేవారు. మాత్రలు కూడా నెలనెలా బాపట్లలోనే కొనేవాడు. తెనాలి మందుల షాపులో అందరూ తెలిసినవాళ్లే. ఇవి ఎవరికండి అని అడిగితే ఏం చెప్పాలి? రేపు పిల్ల పెళ్లి మాటలప్పుడు ఎవరో ఒకరు ఇదంతా తవ్వి తీస్తారని ఆయన భార్య ఝాన్సీ భయం.

ఆ ఆదివారం సాయంత్రంతో మెడికల్ కౌన్సెలింగ్ వెబ్ ఆప్షన్ల గడువు ముగుస్తుంది. సుధ ర్యాంకుకి గుంటూరైనా విశాఖపట్నమైనా ప్రభుత్వ కాలేజీలో సీటు వచ్చేలా ఉంది. ముందు పెట్టింది వస్తే రెండోది ఇక చూడరు. శ్యాంప్రసాద్‌కి ఇందులో ఆలోచించాల్సింది కనబడలేదు. ఆయన గుంటూరులో ఖజానా ఆఫీసులో పనిచేస్తాడు. రోజూ రేపల్లె ప్యాసింజర్లో వెళతాడు. మార్కెట్ యార్డులో గుమాస్తాగా పనిచేసే రెహమాన్ రేపల్లెలోనే ఎక్కి, ఆయన కోసం రుమాలు పరిచి సీటు ఆపుతాడు. ఈ ఏడు మా అమ్మాయి కూడా వస్తుంది, కిటికీ పక్కన ఇంకో రుమాలు వెయ్యాలని రెహమాన్‌కి అప్పుడే చెప్పేశాడు.

ఇడ్లీ తింటూ సుధ ఆ మాట ఎత్తింది. విశాఖ ముందు పెడతానంది. ఝాన్సీ చట్నీ గిన్నెతో వంటింటి గుమ్మంలో ఆగిపోయింది.

"అక్కడ చెప్పే పాఠాలు ఇక్కడ చెప్పరా ఏంటి?" అన్నాడు శ్యాంప్రసాద్.

"పాఠాలు అవే నాన్నా."

"మరి?"

"గుంటూరైతే పొద్దున మీతో వెళ్లి సాయంత్రం మీతో వస్తాను. నైట్ డ్యూటీ పడితే మీరు వార్డు బయట కూర్చుంటారు."

"కూర్చుంటే తప్పేంటి?"

"డాక్టర్నయ్యాక కూడా కూర్చుంటారా?"

ఝాన్సీ కల్పించుకుంది. హాస్టల్ గదిలో పడిపోతే ఎవరు చూస్తారని అడిగింది. తలకి దెబ్బ తగిలితే, మెట్ల మీద వస్తే, అని ఒక్కొక్కటే చెప్పుకుపోయింది. సుధ అడ్డు రాకుండా అంతా విని, పక్కన ఉండే అమ్మాయికి ముందే చెప్పి ఉంచుతానంది.

"చెబుతావా?" అన్నాడు శ్యాంప్రసాద్.

"ఒకరికి చెప్పాను కూడా. సుమయా అక్కకి."

సుమయా రెహమాన్ కూతురు. విశాఖలో ఎంబీబీఎస్ మూడో ఏడు చదువుతోంది. పుస్తకాల గురించి అడగమని ఆ పిల్ల నంబరు సుధకి ఇచ్చింది శ్యాంప్రసాదే. ఆయన చెయ్యి పళ్లెంలోనే ఉండిపోయింది.

"ఎవర్నడిగి చెప్పావు?"

"ఫిట్స్ వచ్చేది నాకే కదా నాన్నా."

ఆయన లేచి చెయ్యి కడుక్కున్నాడు. చొక్కా వేసుకుని ఫోను జేబులో పెట్టుకున్నాడు. ఆప్షన్లు సేవ్ చెయ్యాలంటే ఓటీపీ ఆ ఫోనుకే రావాలని సుధ గుర్తు చేసింది. తెలుసు అని చెప్పులు వేసుకున్నాడు. ఝాన్సీ గేటు దాకా వెంటపడింది. ఎక్కడికో చెప్పి వెళ్లమంది. ఆయన స్టేషన్ దారి పట్టాడు.

స్టేషన్లో గుంటూరు వైపు కాక రేపల్లె వైపు వెళ్లే బండి ఎక్కాడు. రేపటి నుంచి గుంటూరు బండిలో అంతా తన వైపు ఎలా చూస్తారో ఆలోచించాడు. రెహమాన్‌కి తెలిస్తే రోజూ బండిలో తమతో ఆడే పేకాట బ్యాచ్‌కి తెలుస్తుంది. బ్యాచ్‌లో తెనాలివాళ్లు ఉన్నారు. వాళ్లకి ఇళ్లున్నాయి, ఇళ్లలో ఆడవాళ్లున్నారు. భట్టిప్రోలు దగ్గర ఫోను మోగితే తియ్యలేదు. తర్వాత ఓటీపీ మెసేజ్ వచ్చింది. చదివి జేబులో పెట్టుకున్నాడు.

రేపల్లెలో ఇంటి గుమ్మం దగ్గర రెహమాన్ లుంగీలో ఎదురొచ్చి లోపలికి రమ్మన్నాడు. అతని భార్య మున్నీసా మంచినీళ్లు తెచ్చింది. శ్యాంప్రసాద్ గ్లాసు అందుకోలేదు.

"మా అమ్మాయి సంగతి మీ ఇంట్లో ఎంతమందికి తెలుసు రెహమాన్ భాయ్?"

రెహమాన్ భార్య వైపు చూశాడు. సుమయా తల్లికి మాత్రమే చెప్పిందని మున్నీసా మెల్లగా అంది.

"నాకు ఎవరూ చెప్పలేదండి. నాకు ముందే తెలుసు," అన్నాడు రెహమాన్.

రెహమాన్ అత్తగారిది బాపట్ల. ఆమెకి పక్షవాతం వచ్చినప్పుడు చూపించింది సుధని చూసే డాక్టరుకే. అప్పటికి సుధ ఇంకా స్కూలు పిల్ల. వరండాలో బల్ల మీద తండ్రి ఒళ్లో తల పెట్టుకుని పడుకుని ఉంది. రెహమాన్ చూసి, కనబడకుండా రోడ్డు మీదికి వెళ్లి నిలబడ్డాడు.

"ఇన్నేళ్లూ నాతో అనలేదే?"

"మీరు అనలేదుగా. ట్రైన్లో మీ ఫోను మోగితే మేమంతా ముక్కలు కింద పెట్టేస్తాం. మీరు 'సరే, బాగానే ఉందిగా' అన్నాకే ఆట. ఎప్పుడూ గమనించలేదా?"

"వాళ్లకీ తెలుసా?"

"ఏంటన్నది తెలియదు. మీకేదో భయం ఉందని తెలుసు."

శ్యాంప్రసాద్ కుర్చీలో కూర్చున్నాడు. ఆడపిల్ల కాబట్టే దాచామని, రేపు సంబంధాలు చూడాలని గొణిగాడు. మున్నీసా గ్లాసు ఆయన పక్కన బల్ల మీద పెట్టింది.

"అన్నయ్యగారూ, ఒక మాట. ఫిట్స్ వచ్చినప్పుడు నీకెలా ఉంటుందని మా సుమయా అడిగిందంట. పిల్లకి తెలియదంట. ఎంతసేపు వస్తుందో, ఏ చెయ్యి బిగుస్తుందో ఏమీ తెలియదు. అమ్మానాన్నల్ని అడిగితే చెప్పరని ఫోన్లో ఏడ్చిందంట."

శ్యాంప్రసాద్ జేబులోంచి ఫోను తీసి ఇంటికి చేశాడు. మొదటి రింగుకే సుధ ఎత్తింది.

"ఆ ఓటీపీ టైము అయిపోయింది నాన్నా. ఇంకోటి పంపించుకోనా?"

"పంపించుకో. చదువుతాను. విశాఖే ముందు పెట్టు."

"నిజంగానా? ఇప్పుడే పంపించుకుంటాను," అంది సుధ.

"దానికి ఇంకా టైముంది కదా. ముందు నేను చెప్పేది విను. నీతో ఉండే అమ్మాయికి నువ్వే చెప్పుకోవాలి. ముందు ఎడమ చెయ్యి బిగుస్తుంది. తల అటే తిరుగుతుంది. పిలిస్తే పలకవు. తర్వాత ఒళ్లంతా కొట్టుకుంటుంది. పట్టుకుని ఆపకూడదు. పక్కకి తిప్పి పడుకోబెట్టాలి. నోట్లో ఏమీ పెట్టకూడదు. తగ్గాక కాసేపటికి కళ్లు తెరుస్తావు. మమ్మల్ని చూసి, ఏమైందని అడుగుతావు."

అక్కడ ఆగాడు. రెహమాన్, మున్నీసా వింటున్నారు. ఆయన గొంతు తగ్గించలేదు.

"నిద్రపోయానని చెప్పేవారు," అంది సుధ.

"అవునమ్మా. ప్రతిసారీ అదే చెప్పాం. అది నిద్ర కాదు."

అవతల సుధ ముక్కు చీదుకోవడం వినిపించింది. పక్కన ఝాన్సీ ఏదో అడుగుతోంది. సుధ ఆమెని ఆగమంది.

"ఇంకా చెప్పండి నాన్నా," అంది.