ఎలుగుబంటి అసలు పేరు

మంచుకొండల అవతల స్కోగర్ అనే రాజ్యం ఉండేది. అక్కడి రాకుమారుడు హాకన్‌ను ఒక మాయలమారి ఎలుగుబంటిగా మార్చేసింది. "ఈ జంతువును అసలు పేరు పెట్టి పిలిస్తే మళ్ళీ మనిషవుతాడు. తొలి మంచు పడితే మాత్రం ఇక ఇంతే!" అని నవ్వి మాయమైంది.

ఇదేం గొప్ప పని అనుకుంటున్నారా? మనమైతే ఎలుగుబంటి అని హాయిగా అనేస్తాం. స్కోగర్ జనం దాన్ని "గోధుమరంగోడు" అనేవారు. అలా ఎంత పిలిచినా కోట పెరట్లో కట్టేసిన హాకన్ మారలేదు.

అక్క సిగ్రూన్‌కు కాలు నిలవలేదు. గుర్రమెక్కి తూర్పు అడవికి దూసుకెళ్ళింది. అక్కడ తేనెపట్టును కాచే రాక్షసుడితో పోరాడి గెలిచి ఎలుగుబంటి పేరడిగితే వాడు "తేనెతిండోడు" అన్నాడు. పడమటి గుహలో మాట్లాడే తోడేలు "ముసలి తాత" అంది. అన్నీ మారుపేర్లే!

"మరి అసలు పేరేమైంది?" అని దారిలో ఒక అవ్వను నిలదీసింది.

"ఊరుకో తల్లీ! పేరెత్తితే వాడు అడవిలోంచి వాకిట్లోకి వచ్చేస్తాడని మా ముత్తవ్వలు పలకడం మానేశారు. ఇప్పుడెవరికీ తెలీదు."

మనవాళ్ళు పామును పురుగు అంటారే, అలాగన్నమాట. సిగ్రూన్‌కు ఒళ్ళు మండింది. ఆ భయం లేనిచోట పేరు బతికే ఉంటుందని తోచి, ఎలుగుబంట్లు అరుదుగా కనిపించే దక్షిణానికి గుర్రాన్ని దౌడు తీయించింది.

సముద్రపు ఒడ్డున ఒక ముని కనిపించాడు. "మీవాళ్ళూ మావాళ్ళూ ఒకప్పుడు ఒకే ఇంటివాళ్ళమ్మా. మేం ఎలుగుబంటిని ఓర్కో అంటాం. కొమ్మును కోర్న, కుక్కను కున అంటాం."

"మేం హోర్న, హున అంటాం తాతా!" అంటూనే ఆమె గుర్రమెక్కేసింది. కాస్త ఆగి ఆలోచిస్తే బాగుండేది కానీ, ఆకాశం అప్పటికే తెల్లబడుతోంది.

కోటలోకి దూకేసరికి తొలి మంచు రేకు గాలిలో ఉంది. "ఓర్కో!" అని అరిచింది. ఎలుగుబంటి గొలుసు తెంపుకొని మీదికి వచ్చింది.

"పలకొద్దే! చంపేస్తాడు!" అని రాణి చెవులు మూసుకుంది.

సిగ్రూన్ కదలలేదు. వాళ్ళ కోర్న మనకు హోర్న అయింది, కున హున అయింది, అంటే వాళ్ళ 'క' మన నోట 'హ' అవుతోంది. మన ముత్తవ్వలు దీన్నీ అలాగే అని ఉండాలి!

"ఓర్హో!"

మంచు రేకు నేలను తాకింది. దాని పక్కనే హాకన్ చలికి వణుకుతూ నిలబడ్డాడు.

జనం బిక్కుబిక్కుమంటూ అడవికేసి చూశారు. ఏ ఎలుగుబంటీ రాలేదు. భయపడి ఒక పేరును పారేసుకున్నందుకు బిడ్డనే పోగొట్టుకోబోయామని అందరికీ సిగ్గేసింది. తర్వాత సిగ్రూన్‌కే పట్టం కట్టారు లెండి. కానీ ఆ రోజు అందరికంటే ముందు రాణి చెవుల మీంచి చేతులు తీసి, కొడుకును పొదువుకుని, గొంతెత్తి "ఓర్హో!" అని అరిచింది.