మూడో దారి

ఆ రోజు తమ్ముడు అన్నానికి వెళ్ళాక తను ఆ మూడో దారిలో చెయ్యి పెట్టాడా, పెట్టలేదా? పద్దెనిమిదేళ్ళుగా మేస్త్రీ మనసులో నలుగుతున్న సందేహం ఇదొక్కటే. రోజూ ఉదయం స్నానం చేసి దేవుడి ముందు చేతులు జోడించగానే అదే గుర్తొచ్చేది. అన్నీ చూసేవాడివి, నువ్వైనా చెప్పకూడదా అని అడిగేవాడు. దేవుడు చెప్పేవాడు కాదు. చెప్పనందుకు లోలోపల కాస్త ఊరటగా కూడా ఉండేదేమో, ఆ సంగతి మాత్రం ఎవరితోనూ ఒప్పుకోలేదు.

భార్య పోయి మూడేళ్ళయింది. ఇంట్లో ఇక అతనూ, కూతురూ. ఇంటి వెనకే షెడ్డు. ఇద్దరూ రోజంతా పక్కపక్కనే పనిచేసేవారు గానీ మాటలన్నీ స్పానర్ల సైజుల గురించే. తమ్ముడు వెళ్ళిపోయాక అతని బల్ల మీద పాత డబ్బాలు చేరాయి. భార్య పోయాక వంటింట్లో ఆమె స్టూలు మీద కూడా అలాగే ఏవో చేరాయి.

ఆ ఉదయం షెడ్డులో ఒక పాతకాలపు కారు ఇంజను విప్పి ఉంది. వాల్వులు పైమూతలో కాకుండా సిలిండర్ల పక్కనే, బ్లాకు అనే ఇనుపదిమ్మలోనే కూర్చునే రకం. గాలి లోపలికి వెళ్ళాలన్నా, పొగ బయటికి రావాలన్నా ఇరుకు దారుల్లో వంకర తిరగాల్సిందే. ఎత్తు ఎక్కేటప్పుడు బండి ఆయాసపడుతోందని కారు యజమాని, రిటైరైన డ్రాయింగు మాస్టారు, తెచ్చి అప్పగించాడు. ఆ దారులను వెడల్పు చేసి నున్నగా అరగదీస్తే ఇంజనుకు ఊపిరి ఆడుతుంది. కానీ ఆ దారి గోడకు అవతల ఇంజనును చల్లబరిచే నీళ్ళు తిరిగే గది ఉంటుంది. బియ్యపు గింజంత ఎక్కువ తీస్తే చిల్లు పడుతుంది. ఇక ఆ బ్లాకు పాత ఇనుమే.

మేస్త్రీ ఇనుము అరగదీసే ఆకురాయి అందుకున్నాడు. కూతురు అతని వేళ్ళ వంక చూసింది.

"నాన్నా, నీ చెయ్యి వణుకుతోంది. నాకింకా అంత చెయ్యి తిరగలేదు. బాబాయిని పిలుద్దాం."

"బ్లాకుకి చిల్లు పెట్టినవాడినా? వాడు కుట్టుమిషన్లు బాగుచేసుకుంటున్నాడుగా, చేసుకోనీ."

"చిల్లు పెట్టింది బాబాయేనని నీకు గట్టిగా తెలుసా?"

మేస్త్రీ ఆకురాయి కింద పెట్టాడు. పద్దెనిమిదేళ్ళ కిందట ఇలాంటి బ్లాకే. అన్నదమ్ములిద్దరూ పంచుకుని అరగదీశారు. పొగ వెళ్ళే దారులు మూడూ తమ్ముడి వాటా. సాయంత్రం నీళ్ళు పోసి చూస్తే మూడో దారిలోంచి కారాయి. బండి యజమాని ముందే మేస్త్రీ తమ్ముడి వైపు వేలు చూపించాడు. తమ్ముడు మారుమాట్లాడకుండా చేతులు తుడుచుకుని వెళ్ళిపోయాడు, మళ్ళీ షెడ్డులో అడుగుపెట్టలేదు.

కూతురు తండ్రిని షెడ్డు మూలకు తీసుకెళ్ళింది. అక్కడ టార్పాలిన్ తీసేసి ఉంది. ఆనాటి నుంచీ దాని కిందే పడి ఉన్న చిల్లు బ్లాకును, చెయ్యి అలవాటు చేసుకోవడానికి పనికొస్తుందని, ఆమె కిరసనాయిలుతో కడిగింది.

"నా షెడ్డులో నన్నడక్కుండా..." అని అతను మొదలుపెట్టేలోగా ఆమె టార్చి వెలిగించింది.

మొదటి రెండు దారుల్లో ఆకురాయి గీతలు ఎడమకు వాలి ఉన్నాయి. తమ్ముడిది ఎడమచేతి వాటం. మూడోదాంట్లోనూ అడుగున అవే గీతలు. కానీ వాటి మీద, అడ్డంగా, కుడికి వాలిన గీతలు నాలుగైదు ఉన్నాయి. చిల్లు సరిగ్గా వాటి మధ్యనే ఉంది. ముప్ఫై ఏళ్ళు తన చేతిపని చూసుకున్నవాడికి తన గీత తెలియకుండా ఉంటుందా?

"ఇన్నేళ్ళూ ఈ టార్పాలిన్ ఎందుకు తియ్యలేదు నాన్నా?" కూతురి గొంతులో కోపం లేదు. "అమ్మ పోయినప్పుడు బాబాయి గేటు దగ్గరే నిలబడి వెళ్ళిపోయాడు. నువ్వు చూశావు. లోపలికి రమ్మనలేదు."

మేస్త్రీ బ్లాకు మీద చెయ్యి పెట్టి కూర్చున్నాడు. "భయమేసిందమ్మా" అన్నాడు. కళ్ళు తుడుచుకోబోతే చేతికున్న కిరసనాయిలు మండి మరిన్ని నీళ్ళు వచ్చాయి.

తర్వాత లేచి సొరుగు తీశాడు. అందులో అరగుండ్రటి ఆకురాయి ఒకటుంది. తమ్ముడిది. అతను వెళ్ళిపోయిన వారానికి, దాన్ని పంపించమని వదిన చేత అడిగించాడు. కావాలంటే వాణ్ణే వచ్చి అడగమన్నాడు మేస్త్రీ. ఇన్నేళ్ళూ తనే వాడుకున్నాడు. కర్రపిడి మీద బొటనవేలు ఒరిగి పడిన గుంట ఒకటి ఉంది. అది ఎడమచేతి గుంట. మేస్త్రీ వేలికి ఒక్కనాడూ అమరలేదు.

మూడు వీధుల అవతల తమ్ముడి కొట్టు. అతను కుట్టుమిషను చక్రానికి నూనె వేస్తూ తలెత్తాడు. జుట్టు తెల్లబడింది.

"ఆ మూడోది నేనేరా" అన్నాడు మేస్త్రీ గుమ్మంలోంచే. "ఇంకా ఇరుగ్గా ఉందనిపించి, నువ్వు అన్నానికి వెళ్ళాక నాలుగు రుద్దులు రుద్దాను."

"తెలుసన్నయ్యా. తిరిగొచ్చేసరికి నా ఆకురాయి నీ బల్ల మీద ఉంది."

"మరి అప్పుడే అనలేదేం?"

"నువ్వే చెబుతావనుకున్నాను." తమ్ముడు నూనెడబ్బా పక్కన పెట్టాడు. "ఇంత తీరిగ్గా చెబుతావనుకోలేదు."

మేస్త్రీ నవ్వబోయాడు, నవ్వు రాలేదు. చొక్కా జేబులోంచి ఆకురాయి తీసి రెండు చేతులా అందించాడు. తమ్ముడు ఎడమచేత్తో అందుకున్నాడు. బొటనవేలు వెతుక్కోకుండానే వెళ్ళి ఆ గుంటలో ఒదిగింది.